కుస్కోలో ఒక్క రోజే ఉంటే ఎటెళ్ళాలి: మాచు పిచ్చు, ఒయాంతాయ్‌తాంబో, పీసాక్, సక్సాయ్‌వమాన్, మొరాయ్

మా పిన్ని కొడుకు మొన్న డల్లాస్ నుంచి ఫోన్ చేసి "అన్నయ్యా, ఆఫీస్ పని మీద పెరూలో లీమా వెళ్తున్నా, అటునుంచటు కుస్కో వైపు రెండు రాత్రులు ఉంటా, మధ్యలో దొరికేది ఒక్క రోజే, ఏం చూడమంటావ్" అన్నాడు. మేం కిందటేడు ఆగస్టులో అమ్మానాన్నలతో వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఇదే ప్రశ్న చాలామంది అడిగారు, ప్రతిసారీ నేను ముందు అడిగేది మాత్రం ఇదే, మీతో ఎవరెవరు వస్తున్నారు, ముందు రోజు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు అని. చేతిలో ఒక్క రోజే ఉన్నప్పుడు ఆ రోజు బాగా గడుస్తుందా తలపట్టుకుని కూర్చుంటారా అనేది మీరు ఎంచుకున్న చోటు ఎంత గొప్పది అన్నదాని కంటే ముందు రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నారు అన్నదాని మీదే ఎక్కువ ఉంటుంది. మాకిది అక్కడికి వెళ్ళాక తెలిసింది, మీకు ముందే తెలిస్తే బాగుంటుందని ఇంత వివరంగా రాస్తున్నా.

(ఈ చోట్లు కట్టింది స్పెయిన్ వాళ్ళు రాకముందు ఈ ప్రాంతాన్ని ఏలినవాళ్ళు. వాళ్ళ పేరు "ఇంకా" అని రాస్తే మన "ఇంకా"తో కలిసిపోయి చదవడానికి ఇబ్బందిగా ఉంటోంది, అందుకే కిందంతా ఇన్కా అనే రాశా.)

ముందు ఇవి చూసుకోండి

అన్నిటికన్నా ముందు ఎత్తు. కుస్కో ఊరు సుమారు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఏ కొండ తీసుకున్నా 2,000 మీటర్లు కూడా ఉండదు, చలికి పేరుపడ్డ లంబసింగి కూడా 1,000 మీటర్ల దగ్గరే. లీమా ఏమో సముద్రం ఒడ్డున ఉంది, అక్కడ విమానం ఎక్కితే గంటన్నర లోపే కుస్కోలో దింపేస్తుంది, ఒంటికి ఆ తేడా తెలుసుకునే టైమే ఉండదు. సూట్‌కేస్ పట్టుకుని హోటల్ మెట్లు పది ఎక్కితే గుండె దడదడ కొట్టుకుంటుంది, రాత్రికి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం. దీన్ని అక్కడ సొరోచే అంటారు. రోజూ జిమ్‌కి వెళ్ళేవాళ్ళకి రాదు అనుకోకండి, మా నలుగురిలో ఎక్కువ ఇబ్బంది పడింది మా ఆవిడే, తను హాఫ్ మారథాన్లు పరిగెత్తే మనిషి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మాచు పిచ్చు అంటే ఎక్కడో ఆకాశంలో ఉంటుందని, కుస్కోలో రెండు రోజులుండి అలవాటు చేసుకుని పైకెళ్ళాలని అనుకుంటారు. కానీ మాచు పిచ్చు 2,430 మీటర్లే, అంటే కుస్కో కన్నా దాదాపు 1,000 మీటర్లు కిందకి! కాబట్టి కుస్కోలో విమానం దిగగానే ఊళ్ళో ఆగకుండా టాక్సీ మాట్లాడుకుని నేరుగా ఉరుబాంబ నది లోయలోకి దిగిపోయి ఒయాంతాయ్‌తాంబోలో పడుకోండి, అది సుమారు 2,800 మీటర్లు. కుస్కో ఊరు చూడ్డం చివరికి పెట్టుకోండి. మీరు ఏ చోటు ఎంచుకున్నా సరే, ఈ ఒక్కటీ చెయ్యండి.

మందుల సంగతి: డయామాక్స్ అని ఒక మాత్ర ఉంది, బయల్దేరే ముందు మీ డాక్టర్ని అడిగి తీసుకోండి, సల్ఫా మందులు పడనివాళ్ళయితే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. హోటళ్ళలో కోకా ఆకు టీ ఇస్తారు, అక్కడ అది మామూలే, కాస్త హాయిగానే ఉంటుంది, కాకపోతే ఆ టీ తాగాక కొన్ని రోజులపాటు డ్రగ్ టెస్టులో కొకైన్ అని చూపించే అవకాశం ఉంది, కొత్త ఉద్యోగంలో చేరబోయేవాళ్ళు ముట్టకపోవడమే మంచిది. ఆ టీ ప్యాకెట్లు అమెరికాకి గానీ ఇండియాకి గానీ తీసుకురాకూడదు, చట్టం ఒప్పుకోదు.

రెండోది మోకాళ్ళు. ఇన్కా మెట్లు మన తిరుమల మెట్లలా ఒకే కొలతలో ఉండవు, ఒకటి జానెడు, ఇంకోటి మోకాలెత్తు, కొన్నింటికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎక్కేటప్పుడు ఊపిరి సరిపోదు, దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తాయి.

మూడోది, దారిలో ఎన్ని గంటలు పోతాయి, అక్కడ ఎన్ని గంటలు మిగుల్తాయి. నాలుగోది టికెట్, ఒక్క మాచు పిచ్చుకే నెలల ముందు చూసుకోవాలి, మిగతా వాటికి ఆ బెంగ లేదు. డబ్బు గురించి ఒక్కో చోటు దగ్గర చెప్తా.

| చోటు | ఎత్తు (సుమారు) | కుస్కో నుంచి వెళ్ళడానికి | మెట్లు | టికెట్ |
|---|---|---|---|---|
| మాచు పిచ్చు | 2,430 మీ. | కారు, రైలు, బస్సు కలిపి 4 గంటల పైనే | బాగానే ఉన్నాయి, కొన్న దారి అంటే సర్క్యూట్‌ని బట్టి | నెలల ముందే, పేరు పాస్‌పోర్ట్‌తో కలవాలి |
| ఒయాంతాయ్‌తాంబో | 2,800 మీ. | కారులో 2 గంటల లోపు | నిటారుగా 200కి పైగా | అప్పటికప్పుడు |
| పీసాక్ | పైన 3,300 మీ. దాటి | కారులో గంట | పైదాకా కారు, కిందకి నడక | అప్పటికప్పుడు |
| సక్సాయ్‌వమాన్ | 3,700 మీ. | టాక్సీలో పావుగంట | తక్కువ, ఎక్కువ చదునే | అప్పటికప్పుడు |
| మొరాయ్, మారాస్ | 3,500 మీ. (మొరాయ్) | కారులో గంటన్నర | తక్కువ | మొరాయ్ అప్పటికప్పుడు, మారాస్‌కి వేరే |

మాచు పిచ్చు తప్ప మిగతావి బోలేతో తురిస్తికో అనే ఒకే టికెట్ కిందకి వస్తాయి (మారాస్ ఉప్పు మళ్ళు మాత్రం కాదు). మేం వెళ్ళినప్పుడు విదేశీయులకి పూర్తి టికెట్ 130 సోల్స్ (పెరూ డబ్బు), 10 రోజులు చెల్లుతుంది. 70 సోల్స్ పెట్టి ఒక భాగం వరకూ కూడా తీసుకోవచ్చు: సక్సాయ్‌వమాన్ వైపున్నవి ఒక భాగం, పీసాక్, ఒయాంతాయ్‌తాంబో, మొరాయ్, చిన్చేరో ఇంకో భాగం. ఒక్క రోజు మనిషికి 70ది చాలు. నోట్లు దగ్గరుంచుకోండి, గేటు దగ్గర కార్డు తీసుకుంటారన్న నమ్మకం పెట్టుకోవద్దు.

మాచు పిచ్చు

జీవితంలో మళ్ళీ పెరూ వస్తామో రామో తెలీదు, చిన్నప్పట్నుంచీ ఆ ఫోటో చూసి పెరిగాం అనుకునేవాళ్ళు ఇంకేం ఆలోచించకండి, ఇక్కడికే వెళ్ళండి. పచాకూతి అనే ఇన్కా రాజు 15వ శతాబ్దంలో కట్టించుకున్న చోటు ఇది, స్పెయిన్ వాళ్ళ కంట పడకుండా మిగిలిపోయింది, 1911లో హైరం బింగమ్ వచ్చి బయటి ప్రపంచానికి చూపించేటప్పటికి అక్కడ రైతులు పొలాలు చేసుకుంటున్నారు. ఆ మాట గైడ్ చెప్పగానే నాన్న "మరి కనిపెట్టింది వాళ్ళు కదరా" అన్నారు, నిజమే కదా అనిపించింది. అన్నట్టు కెచువా భాషలో మాచు అంటే పాత, పిక్చు అంటే శిఖరం, అక్కడివాళ్ళు మధ్యలో "క్" పలుకుతారు.

నాన్న కృష్ణా డెల్టాలో నలభై ఏళ్ళు వరి పండించిన మనిషి. అందరూ కెమెరాలు తీసి నిలబడ్డ చోట ఆయన కొండ వాలుకి మెట్లు మెట్లుగా కట్టిన చేను గోడ పక్కన గొంతుకూర్చుని "ఇంత వాన పడే కొండ మీద నీళ్ళు ఎటు పోతున్నాయిరా" అని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబే మాచు పిచ్చు అసలు గొప్పతనం అని నాకనిపిస్తుంది. ఒక్కో మెట్టు చేను కింద అడుగున పెద్ద రాళ్ళు, వాటి మీద కంకర, దాని మీద ఇసుక, అన్నిటి పైన సాగు మట్టి పొరలు పొరలుగా వేశారు, పడ్డ నీరు గోడని తొయ్యకుండా లోపల్నించే జారి కిందకి పోతుంది. కొండచరియలు విరిగిపడే ఆ ప్రాంతంలో ఐదొందల ఏళ్ళ పైబడి ఆ గోడలు నిలబడ్డాయంటే ఈ పొరల వల్లే.

ఇక ఇబ్బందులు. 2024 జూన్ నుంచి లోపల మూడు సర్క్యూట్లు, వాటి కింద పది దారులు పెట్టారు, మీరు కొన్న దారిలోనే వెళ్ళాలి, ఒకసారి బయటికొస్తే మళ్ళీ లోపలికి రానివ్వరు. ఒకటో సర్క్యూట్‌లో పైనుంచి ఆ ఫేమస్ ఫోటో దొరుకుతుంది కానీ ఊరి లోపలికి దిగలేరు. రెండోది ఫోటోకి ఫోటో, లోపల ఊరికి ఊరు, అందుకే ముందు అయిపోయేది ఇదే. మూడోది కింది భాగం, మెట్లు తక్కువ, సూర్యుడి గుడి, కాండోర్ పక్షి గుడి దగ్గరగా కనిపిస్తాయి, కానీ పైనుంచి కనిపించే ఆ ఫోటో రాదు. మాకు తెలిసిన ఒక కుటుంబానికి ఒక ఏజెంట్ ఏమీ చెప్పకుండా మూడోది అంటగట్టాడు, వాళ్ళు లోపలంతా తిరిగి తిరిగి ఫోటో చోటు ఎక్కడా అని గార్డుని అడిగితే అప్పుడు తెలిసింది, పాపం ఆ పిల్లలు ఎంత నిరుత్సాహపడ్డారో. అందుకని సాంస్కృతిక శాఖ అధికారిక సైట్లో మీరే కొనుక్కోండి. మోకాళ్ళు బాగుంటే రెండోది, పెద్దవాళ్ళుంటే మూడోది. పక్కనున్న వాయ్నా పిక్చు నిటారు కొండ ఎక్కాలనుకునేవాళ్ళకి వేరే టికెట్, ఎత్తు అంటే కళ్ళు తిరిగేవాళ్ళు ఆ జోలికి పోకండి.

పేరు విషయంలో మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. మనకి ఇంటిపేరు ముందుంటుంది, కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది, కొందరికి పొడుగు పేరు సగంలో ఆగిపోతుంది. నేను నాన్న పేరు తిరగేసి కొట్టేశా, గేటు దగ్గర ఆవిడ పాస్‌పోర్టూ టికెట్టూ మార్చి మార్చి చూస్తుంటే వెనక క్యూ అంతా ఆగిపోయింది, పాస్‌పోర్ట్ నంబర్ కలవడంతో చివరికి పంపించింది. పాస్‌పోర్ట్‌లో ఏ గడిలో ఏముందో అదే కొట్టండి, ఒరిజినల్ పాస్‌పోర్ట్ వెంట తీసుకెళ్ళండి.

ఖర్చు: మేం వెళ్ళినప్పుడు లోపలికి మామూలు టికెట్ 152 సోల్స్, రైలు ఒక వైపుకి దాదాపు 60 నుంచి 80 డాలర్లు (రోజుని, టైముని బట్టి మారిపోతుంది), కొండ కింద రైలు దిగే ఆగ్వాస్ కాలియెంతెస్ ఊరి నుంచి పైకి బస్సు రానుపోను 24 డాలర్లు. అంటే మనిషికి తక్కువలో తక్కువ 190, 200 డాలర్లు పెట్టుకోవాలి, గైడ్, భోజనం కాకుండా.

టైము ఇలా చూసుకోండి. ఒయాంతాయ్‌తాంబోలో పడుకుంటే తెల్లారి ఆరింటి రైలు పట్టుకోవచ్చు, రైలు గంటా నలభై నిమిషాలు, తర్వాత బస్సు ఇరవై ఐదు నిమిషాలు, బస్సు క్యూ కూడా కలుపుకుంటే తొమ్మిదింటి టికెట్ సరిపోతుంది. పన్నెండుకి బయటికొచ్చి తిని రెండు మూడింటి రైలు ఎక్కితే సాయంత్రానికి మళ్ళీ ఒయాంతాయ్‌తాంబో. అదే కుస్కోలో పడుకుంటే మూడున్నరకి లేచి కారెక్కాలి, రాత్రి తొమ్మిదింటికి తిరిగి రావాలి. అమ్మ అయితే ఆ రెండోది తట్టుకునేది కాదు.

గేటు బయటే బాత్రూమ్ ఉంది, లోపల లేదు. తినేవి లోపలికి తీసుకెళ్ళనివ్వరు, పెద్ద బ్యాగు రానివ్వరు, చేతికర్ర పెద్దవాళ్ళకే, అదీ కింద రబ్బరు తొడుగు ఉంటేనే. అన్నిటికీ మించి, ఈ దారిలో ఒక్క లింకు తెగినా ఆ రోజు పోయినట్టే. 2024 జనవరిలో టికెట్ల అమ్మకం మీద స్థానికులు సమ్మె చేస్తే రైళ్ళు కొన్ని రోజులు ఆగిపోయాయి, 2010 జనవరిలో వరదకి పట్టాలు కొట్టుకుపోయి వేలమంది అక్కడే చిక్కుకుంటే హెలికాప్టర్లతో తీసుకొచ్చారు. మర్నాడే ఇంటికి విమానం ఉన్నవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి.

ఒయాంతాయ్‌తాంబో

నన్నడిగితే మా ట్రిప్ మొత్తంలో మనసుకి దగ్గరైన చోటు ఇదే. మిగతావన్నీ జనం వదిలేసిన చోట్లు, ఇక్కడ మాత్రం ఇన్కాలు గీసిన వీధుల్లోనే ఇప్పటికీ మనుషులు కాపురాలు చేస్తున్నారు. సన్నటి రాతి సందు, ఒక పక్కన మూరెడు వెడల్పు రాతి కాలవ, అందులో మంచు కొండల నీళ్ళు గలగలమంటూ పరిగెత్తడం, ఇంటి గుమ్మంలోకి వెళ్ళడానికి కాలవ మీద ఒక బండ. అమ్మ పొద్దున్నే బయటికొచ్చి ఆ బండ మీద కూర్చుని నీళ్ళలో వేళ్ళు పెట్టి చురుక్కుమనగానే తీసేసింది. ఎదురింటి పెద్దావిడ టోపీ పెట్టుకుని గుమ్మం ఊడుస్తూ నవ్వింది, ఈవిడా నవ్వింది, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఐదు నిమిషాలు అలాగే ఉన్నారు.

ఊరి పక్కనే కొండ మీద శిథిలాలు. నిటారుగా 200కి పైగా మెట్లు, పైన ఆరు బండలు పక్కపక్కన నిలబెట్టిన గోడ ఒకటి ఉంది. గులాబీ రంగు రాయి, ఒక్కో బండ పదుల టన్నులు, వాటిని నదికి అవతల ఉన్న ఎదురు కొండ క్వారీ నుంచి తెచ్చారు, అంటే అక్కణ్ణుంచి దింపి, నది దాటించి, మళ్ళీ ఇటు పైకి లాగి. బండకీ బండకీ మధ్య సన్నటి రాతి పట్టీలు నిలువునా దిగేసి ఉంటాయి, దగ్గరకెళ్ళి చూడండి, ఆ అతుకులో దారప్పోగు కూడా పట్టదు. పని మధ్యలో ఆగిపోయింది, దారిలో వదిలేసిన బండలు ఇప్పటికీ అక్కడక్కడా పడున్నాయి, వాటిని అక్కడివాళ్ళు అలిసిపోయిన రాళ్ళు అంటారు.

స్పెయిన్ సైన్యాన్ని ఇన్కాలు వెనక్కి తరిమిన చోటు కూడా ఇదే. మాంకో ఇన్కా అనే రాజు మనుషులు పైనుంచి బాణాలూ రాళ్ళూ వేస్తూ, కింద మైదానంలోకి కాలవల నీళ్ళు వదిలేస్తే స్పెయిన్ సేనాని ఎర్నాందో పిసారో గుర్రాలు బురదలో ముందుకి కదల్లేకపోయాయి. నాన్నకి ఈ కథ మహా నచ్చింది, "కాలవకి గండి కొట్టి గెలిచారన్నమాట" అని ఆ రోజంతా తల్చుకుంటూనే ఉన్నారు.

మెట్లు ఎక్కలేనివాళ్ళు కిందనే నీటి గుడి దగ్గర కూర్చోవచ్చు, అక్కడ చెక్కిన రాతి మీంచి ఇప్పటికీ నీళ్ళు పడుతూనే ఉంటాయి. ఎక్కగలిగిన కుర్రాళ్ళు ఎదురుగా ఉన్న పింకుయ్యూనా కొండ మీది పాత ధాన్యం గిడ్డంగుల దాకా వెళ్ళండి, అక్కడికి టికెట్ లేదు, ఊరంతా కనిపిస్తుంది, కాకపోతే దారి సన్నం, వాన పడితే వద్దు. పొద్దున పదకొండు నుంచి మూడు దాకా టూర్ బస్సులు దిగుతాయి, ఆ టైములో గుంపులు గుంపులుగా ఉంటారు. ఏడింటికి గేటు తీయగానే వెళ్తే మీరూ, గాలీ, ఇంకో పదిమందీ, అంతే.

పీసాక్

నడవడం ఇష్టమైనవాళ్ళకి నా ఓటు ఇక్కడికి. టాక్సీలో పై గేటు దాకా వెళ్ళిపోయి అక్కణ్ణుంచి కొండ అంచు వెంబడి నడుస్తూ ఊళ్ళోకి దిగడం, రెండు గంటల పని, ఆగుతూ చూస్తూ వస్తే మూడు. దారిలో కొండ ఒంపు ఎలా తిరిగితే అలా తిరిగిన మెట్టు చేలు, ఒక చిన్న సొరంగం, బాగా నునుపుగా చెక్కిన సూర్యుడి గుడి గోడలు, లోయకి అవతల కొండ నిండా తేనెపట్టులా చిల్లులు కనిపిస్తాయి. ఆ చిల్లులన్నీ సమాధులే, వేల మందిని అక్కడ పెట్టారు, తర్వాతెప్పుడో బంగారం కోసం అన్నిటినీ తవ్వేశారు. ఆ గోడని చూస్తూ మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

పక్కన లోయ, చాలా చోట్ల రెయిలింగ్ లేదు, అందుకే చిన్నపిల్లలతో ఆ నడక వద్దనే చెప్తా. పెద్దవాళ్ళయితే పై గేటు దగ్గర ఒక అరగంట చూసి అదే కారులో కిందకి వచ్చెయ్యొచ్చు, దాని వల్ల సగం పైగా పోతుంది కానీ మెట్టు చేల అందం దక్కుతుంది. కింద బజారు రోజూ ఉంటుంది, ఆదివారం ఎక్కువ. అల్పాకా ఉన్ని అని చెప్పి అమ్మేవి చాలావరకు మామూలు సింథటిక్, చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది, అసలుది చల్లగా బరువుగా జారుతుంటుంది.

సక్సాయ్‌వమాన్

కుస్కో నెత్తి మీదే ఉంది. సాయంత్రం విమానం ఉంది, అర రోజే దొరికింది అనేవాళ్ళకి ఇంతకన్నా మంచిది లేదు. వంకర టింకరగా మూడు వరసల రాతి గోడలు, దాదాపు 400 మీటర్ల పొడుగు, వాటిలో పెద్ద రాయి వంద టన్నుల పైనే ఉంటుందని లెక్కగట్టారు. పక్కన నిలబడితే మనిషి తల ఆ రాయిలో సగానికి కూడా రాదు. స్పెయిన్ వాళ్ళు పైనున్న బురుజుల రాళ్ళన్నీ పీకి కుస్కోలో చర్చిలూ ఇళ్ళూ కట్టుకున్నారు, ఈ పెద్దవి కదపలేక వదిలేశారు, మనకి కనిపిస్తున్నది అదీ. 1536లో మాంకో ఇన్కా కుస్కోని ముట్టడించినప్పుడు జరిగిన పోరాటంలో ఎర్నాందో తమ్ముడు హువాన్ పిసారోకి చావుదెబ్బ తగిలింది కూడా ఇక్కడే.

చదునుగా ఉంటుంది, పిల్లలు పరిగెత్తొచ్చు, అవతల పక్క నున్నటి బండల మీద జారుడు బల్లలా జారుతుంటారు. కానీ ఎత్తు 3,700 మీటర్లు, విమానం దిగిన రోజే వెళ్తే నాలుగడుగులకోసారి ఆగాలి. ఇంకొంచెం టైముంటే టాక్సీలో పైనున్న తాంబోమచాయ్ శిథిలాల దాకా వెళ్ళి, దారిలో ఉన్న పుకా పుకారా, కెన్కో శిథిలాలు కూడా చూసుకుంటూ కిందకి నడిచి రండి, ఎక్కడం తప్పుతుంది. జూన్ 24న ఇంతి రైమి అనే సూర్యుడి పండగ ఇక్కడే చేస్తారు, ఆ రోజు మామూలుగా తిరిగి చూద్దామంటే కుదరదు.

మొరాయ్, మారాస్

మొరాయ్ అంటే భూమిలోకి దిగిన గుండ్రటి మెట్టు చేలు, పెద్దది 30 మీటర్ల లోతు. అడుగుకీ పైకీ వేడిలో బాగా తేడా ఉంటుంది కాబట్టి ఏ పంట ఏ ఎత్తులో వస్తుందో చూడ్డానికి కట్టారని ఎక్కువమంది చెప్పే మాట. వ్యవసాయం తెలిసినవాళ్ళకి కన్నుల పండగ, తెలియనివాళ్ళు పావుగంట చూసి ఇంకేముంది అంటారు, లోపలికి దిగనివ్వరు, చుట్టూ తిరిగి రావడమే. మారాస్ దగ్గర ఉప్పు ఊట ఒకటి కొండలోంచి వస్తుంది, దాన్ని సన్న కాలవల్లో మళ్ళించి 3,000కి పైగా చిన్న మళ్ళలో ఎండబెట్టి ఉప్పు తీస్తారు, ఊరి కుటుంబాలు ఇప్పటికీ పంచుకుని చేసుకుంటున్నాయి. చినగంజాం ఉప్పు మళ్ళు చూసినవాళ్ళు అవే కొండ వాలుకి మెట్లు మెట్లుగా అతికించినట్టు ఊహించుకోండి. ఇది ఎండాకాలంలోనే తెల్లగా మెరుస్తుంది, అక్కడ అంటే మే నుంచి సెప్టెంబర్, వానల్లో మట్టి రంగులో ఉంటుంది. బండి మాట్లాడుకుంటే దారిలో చిన్చేరో కూడా కలుస్తుంది, అక్కడ ఆడవాళ్ళు మగ్గం మీద నేస్తూ పురుగుల నుంచి ఎర్ర రంగు తీయడం చూపిస్తారు, మంగళగిరి, పోచంపల్లి నేత తెలిసినవాళ్ళు ఆ దగ్గర్నించి కదలరు.

మరి ఎవరు ఎటు

అరవై దాటిన అమ్మానాన్నలతో వెళ్తుంటే, మాచు పిచ్చు వాళ్ళకి బాగా కోరిక ఉంటేనే పెట్టుకోండి, ముందు రాత్రి ఒయాంతాయ్‌తాంబోలో పడుకోవడం అనే షరతు మీద. అంత పట్టింపు లేకపోతే ఒయాంతాయ్‌తాంబోలోనే ఆ రోజంతా గడిపి మధ్యాహ్నం కారులో మొరాయ్, మారాస్ తిరిగి రండి. ఖర్చు మాచు పిచ్చులో సగం కూడా అవదు, ఎవరూ అలిసిపోరు. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా అసలు ఈ ఎత్తులకి రావద్దు, దీంట్లో మొహమాటం వద్దు.

కుర్ర జంటలూ ఫ్రెండ్సూ అయితే మాచు పిచ్చు రెండో సర్క్యూట్, టికెట్ దొరక్కపోతే పీసాక్ నడక. టికెట్లు అయిపోయాయని ఏడుస్తూ కూర్చోవద్దు. ఆగ్వాస్ కాలియెంతెస్‌లో కౌంటర్ దగ్గర కొన్ని టికెట్లు అమ్ముతారు కానీ వాటి కోసం ముందు రోజే వెళ్ళి క్యూ కట్టాలి, ఒక్క రోజు మనిషికి అది అయ్యే పని కాదు.

చిన్నపిల్లలుంటే సక్సాయ్‌వమాన్. మర్నాడు పొద్దున్నే అంతర్జాతీయ విమానం ఉన్నా కూడా అదే, లేదా పీసాక్ వరకూ. నవంబర్ నుంచి మార్చి లోపు వెళ్తుంటే పొద్దున పూట వాన తక్కువ, కాబట్టి ఏదైనా తొందరగా మొదలెట్టండి, మాచు పిచ్చుని మబ్బు కప్పేస్తే గంట సేపు ఏమీ కనిపించదు, ఒక్కసారిగా విడిపోతే అంత అందం ఇంకోటి లేదు, రెండింటికీ సిద్ధపడి వెళ్ళాలి.

శాకాహారులకీ, వీసాకీ రెండు మాటలు

అమ్మ గుడ్డు కూడా ముట్టదు. "వెజిటేరియన్" అంటే కోడి ముక్క తీసేసి అదే పులుసు పోస్తారు, కాబట్టి "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో" (మాంసం, కోడి, చేప లేకుండా) అని మూడూ చెప్పి, సూప్ చికెన్ నీళ్ళతో చేశారా అని మళ్ళీ అడగండి. ఉడకబెట్టిన పెద్ద గింజల మొక్కజొన్న పొత్తు, పక్కన జున్ను ముక్క రోడ్డు పక్కన దొరుకుతుంది, రకరకాల బంగాళదుంపలు, కినోవా, అన్నం ఎక్కడైనా ఉంటాయి. రొకోటో అనే గుండ్రటి మిరపకాయ పచ్చడి అడగండి, మన మిరపకాయ పుట్టిల్లు ఈ ఖండాలే కదా, అమ్మ తెచ్చుకున్న గోంగూర సీసా రెండు రోజులు తెరవనే లేదు.

వీసా: ఇండియన్ పాస్‌పోర్ట్ మీద కనీసం ఆరు నెలలు చెల్లే అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంజెన్ వీసాల్లో ఒకటి ఉంటే పెరూకి విడిగా టూరిస్ట్ వీసా అక్కర్లేదు, గ్రీన్ కార్డ్ ఉన్నా అంతే. టికెట్లు కొనే ముందు పెరూ కాన్సులేట్ సైట్లో ఒకసారి చూసుకోండి. వీసా స్టాంపు గడువు తీరిపోయి, ఆమోదం పేపర్ల మీదే అమెరికాలో ఉంటున్న హెచ్ వన్ (ఉద్యోగ వీసా) వాళ్ళకి ఇక్కడే చిక్కు, మీ పాస్‌పోర్ట్‌లో ఉన్న వీసా తేదీ చూసుకోవాలి.

మా తమ్ముడికి ఇదంతా చెప్పాక వాడు కుస్కో హోటల్ క్యాన్సిల్ చేసి రెండు రాత్రులూ ఒయాంతాయ్‌తాంబోకి మార్చుకున్నాడు, రెండో సర్క్యూట్ తొమ్మిదింటి టికెట్ ఒక్కటి దొరికింది. నిన్న రాత్రి టికెట్ స్క్రీన్‌షాట్ పంపాడు, పేరు పాస్‌పోర్ట్‌తో అక్షరం అక్షరం పోల్చి చూశా, సరిపోయింది. సాయంత్రం రైలు దిగాక చీకటి పడేలోపు ఆ కాలవ పక్క సందులో ఒకసారి నడవమని చెప్పా.